‘ఇన్‌కమెన్సురబుల్’ అను విశేషణము : అర్థచరిత్ర

కొంతకాలము క్రిందట ఒక పరిశోధన గ్రంథమును పరీక్షించుచుండగా అందలి యొక వాక్యముకడ నేను ఆగిపోవలసి వచ్చినది. ఇద్దరు కవుల కావ్యదృష్టులను పోల్చుటకు పూనుకొనిన ఆ పరిశోధకుడు నాలుగు ప్రకరణములు నడిపిన పిదప, ఈ దృష్టులు రెండును పరస్పరము ‘అపరిమేయములు’, కావున వీనిని పోల్చుట అసాధ్యము అని తేల్చి గ్రంథమును ముగించెను. అధస్సూచికలో మూలపదము కలదు. అది ఇంగ్లీషునందలి ‘ఇన్‌కమెన్సురబుల్’. పోల్చరానివానిని నాలుగు ప్రకరణములలో ఎట్లు పోల్చితిరని మౌఖిక పరీక్షలో అడిగితిని. పాశ్చాత్య విమర్శకులు ఆ మాటను అట్లే వాడుచున్నారని ఆయన బదులు చెప్పెను. ఆ మాట కొంతవరకు నిజమే. దోషము ఆ పరిశోధకునిది మాత్రమే కాదు. ఈ విశేషణము ఇంగ్లీషులోనే కొంత అర్థమును జారవిడుచుకొనినది, తెలుగునకు వచ్చుచు మిగిలిన దానిని కూడ పోగొట్టుకొనినది. దాని చరిత్రను మొదటినుండి పరిశీలించుట అవసరమని నాకు తోచినది అప్పుడే.

మన భాషలో ‘అమేయము’, ‘అపరిమేయము’ అను మాటలు ఒక వస్తువుయొక్క మహత్త్వమును చెప్పును. కొలతకు అందనంత గొప్పది, లేక లోతైనది అని భావము. విష్ణుసహస్రనామములలోని ‘అప్రమేయ’ నామము ప్రమాణములకు గోచరుడు కానివానిని చెప్పును. ఇవన్నియు ఒక్క వస్తువును గూర్చి చెప్పదగిన గుణములు. ‘ఇన్‌కమెన్సురబుల్’ అట్టిది కాదు. ఒంటరిగా నున్న వస్తువును ఈ మాటతో విశేషించుటకే వీలులేదు. కనీసము రెండు వస్తువులుండవలెను. ఆ రెండింటిలో దేనినైనను విడిగా కొలువవచ్చును. ఒకే కొలతతో ఆ రెండింటిని శేషము లేక కొలుచుట మాత్రము సాధ్యము కాదు. అనగా ఇది వ్యాకరణరీత్యా విశేషణమే యైనను అర్థరీత్యా సంబంధవాచకము. పదమునకు ఆదిని నున్న రెండు ఉపసర్గలలో ‘ఇన్’ అనునది నిషేధమును, ‘కమ్’ అనునది సాహిత్యమును, అనగా ‘కూడ’ అను అర్థమును, చెప్పును. ‘అపరిమేయము’ అను అనువాదములో నిషేధము నిలిచినది, సాహిత్యము లోపించినది.

కొలత అనగా ఏమో ముందు చూడవలెను. మన పాత ధాన్యపు కొలతలలో పుట్టి తూములతోను, తూము కుంచములతోను, కుంచము మానికలతోను శేషము లేక కొలువబడును. ఆ లోకమంతయు ఏకమానముచేత బంధింపబడినది. రెండు బద్దలున్నవనుకొందము, ఒకటి 35 అంగుళములు, ఇంకొకటి 25. పెద్దదానినుండి చిన్నదానిని తీసివేయగా 10 మిగులును. 25లో 10 రెండుమారులు పోగా 5 మిగులును. 10లో 5 సరిగా రెండుమారులు పోవును, శేషము లేదు. కావున 5 అంగుళముల తునక ఆ రెండు బద్దలకును సమానమైన కొలత. గ్రీకులు ఈ పద్ధతినే వాడిరి. ఆర్యభటుడు క్రీ. శ. 499లో చెప్పిన కుట్టకమునకు మూలము కూడ ఈ పరస్పర భాగహారమే.

ఇప్పుడు ఒక చతురస్రమును, దాని కర్ణమును గ్రహింతము. కర్ణమునుండి భుజమును తీసివేయగా ఒక తునక మిగులును. ఆ తునక భుజములో రెండుమారులు పోయి ఇంకొక చిన్న తునక మిగులును. ఆ చిన్నది మొదటి తునకలో మరల రెండుమారులే పోయి మరల శేషించును. ఎంత దూరము పోయినను ఇదియే వరుస. మొదట భుజమునకును తునకకును ఉన్న నిష్పత్తియే ప్రతి మెట్టునను మారక నిలుచుటచేత ఈ క్రియకు అంతము లేదు. కంటియెదుట ఉన్న రెండు పొట్టి గీతలు. దేనిలోను అనంతమైనది, అందనిది లేదు. ఐనను రెండింటిని కొలిచి ముగించు తునక సృష్టిలో లేదు.

ఈ సంగతిని మొదట ఎవరు గుర్తించిరో నిర్ణయించుటకు తగిన ఆధారములు లేవు. హిప్పాసస్ అను పైథాగరస్ శిష్యుడు రహస్యమును వెల్లడించి సముద్రమున మునిగి చచ్చెనను కథను అనేక పుస్తకములలో చూతుము. ఈ కథకు ఆధారమైన ఇయాంబ్లికస్ క్రీ. శ. 300 ప్రాంతపువాడు, అనగా సంఘటనకు ఏడెనిమిది శతాబ్దుల తరువాతివాడు. ఆయన వ్రాసినదైనను అట్లు లేదు. హిప్పాసస్ మునిగినది గోళములో ద్వాదశఫలకమును ఇముడ్చు విధమును బయటపెట్టినందుకు. ఏకమానము లేని రాసులను బయటపెట్టినవానికి బ్రతికియుండగనే సమాధి కట్టిరని వేరొక కథ. తరువాతివారు రెండింటిని కలిపివేసిరి. కథ రుచిగా నుండుటచేత దానిని సరిచూచువారు తక్కువైరి.

నిలుకడగల సాక్ష్యము ప్లేటో సంవాదములయందు కలదు. ‘థియేటీటస్’లో థియొడోరస్ అను గురువు మూడు అడుగుల వైశాల్యము మొదలు పదునేడు అడుగుల వైశాల్యమువరకు గల చతురస్రములను ఒక్కొక్కటిగా తీసికొని, వాని భుజములు అడుగుబద్దతో ఏకమానము గలవి కావని చూపి అక్కడ ఆగెను. పదునేడుకడ ఎందుకు ఆగెనో నేటికిని చర్చ సాగుచునే యున్నది. ‘లాస్’ అను గ్రంథపు ఏడవ భాగమున ఈ విషయమును ఎరుగకుండుట గ్రీకులందరికిని సిగ్గుచేటని ప్లేటో కఠినముగా పలికించెను. కర్ణమునకును భుజమునకును ఏకమానము కలదన్నచో బేసిసంఖ్యయే సరిసంఖ్య కావలసివచ్చునను ఉపపత్తిని అరిస్టాటిల్ తర్కగ్రంథమున అందరికిని తెలిసిన ఉదాహరణముగా పేర్కొనెను. క్రీ. పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ తన పదవ అధ్యాయపు తొలి నిర్వచనముగా ఈ భేదమును నిలిపెను.

యూక్లిడ్ వాడిన మాట ‘సుమ్మెత్రోస్’. ‘సున్’ అనగా కూడ, ‘మెత్రోన్’ అనగా కొలత. దానికి వ్యతిరేకము ‘అసుమ్మెత్రోస్’. లాటిను పండితులు దీనిని ముక్కకు ముక్కగా ‘కొమ్మెన్సురాబిలిస్’ అని మార్చుకొనిరి. ఆరవ శతాబ్ది ఆరంభమున బొయీథియస్ రచనలలో అది కనుపట్టును. మన సంస్కృతమునందలి ‘మా’ ధాతువును, గ్రీకు ‘మెత్రోన్’ను, లాటిను ‘మెన్సురా’ను ఒకే మూలమునకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున మన ‘మేయము’నకును ఇంగ్లీషువారి ‘మెన్సురబుల్’నకును దూరపు చుట్టరికము కలదు. ఇంకొక వింత: ఇంగ్లీషున ‘సిమెట్రీ’ అను పదము ఈ ‘సుమ్మెత్రోస్’ సంతతియే. ఒకే గ్రీకుపదము గ్రీకు రూపమున వచ్చి సౌష్ఠవవాచకమైనది, లాటిను వేషమున వచ్చి కొలతకు సంబంధించిన మాటగా నిలిచినది.

ఇంగ్లీషున ఈ పదములు గణితముద్వారా 16వ శతాబ్ది నడుమ ప్రవేశించెను. యూక్లిడ్‌నకు తొలి ఇంగ్లీషు అనువాదమును హెన్రీ బిల్లింగ్స్‌లీ 1570లో లండనునందు ప్రకటించినప్పుడు, దానికి జాన్ డీ వ్రాసిన పీఠికతోపాటు, పదవ అధ్యాయపు పదజాలమంతయు ఇంగ్లీషువారికి అందినది. తోబుట్టువైన ‘కమెన్సురేట్’ తరువాతి శతాబ్దిలో వచ్చి వ్యవహారములోనికి దిగిపోయినది; అనుభవమునకు ‘తగిన’ జీతమని ఉద్యోగ ప్రకటనలలో కనుపట్టునది అదియే. అందు కొలత చాలవరకు అరిగిపోయి తగుట మాత్రము మిగిలినది.

గ్రీకులు ఇంకొక జంటను కూడ వాడిరి: ‘రేతోస్’, ‘అలోగోస్’. మొదటిది చెప్పదగినది, రెండవది నిష్పత్తి లేనిది, మాటకు రానిది. ఇచ్చట విద్యార్థులు తరచుగా పడు గోతి యొకటి కలదు. భుజముతో నేరుగా ఏకమానము లేకున్నను, వర్గములకు ఏకమానమున్నచో యూక్లిడ్ ఆ రేఖను ‘రేతోస్’ అనియే పిలిచెను. కావున చతురస్రకర్ణము నేటి లెక్కలో ‘ఇర్రేషనల్’, యూక్లిడ్ లెక్కలో ‘రేతోస్’. మాటకు మాట పెట్టి అనువదించువాడు ఇక్కడ తలక్రిందులు కాక తప్పదు. ‘అలోగోస్’ అరబ్బీలోనికి పోయినప్పుడు దానికి ‘అసమ్మ్’ అను మాట పెట్టిరి. చెవిటిది అని అర్థము. 12వ శతాబ్దిలో క్రెమోనావాసి గెరార్డు దానిని లాటినున ‘సుర్దుస్’ అనెను. నేడు ఇంగ్లీషు పాఠశాలలలో పిల్లలు ‘సర్డ్’ అని వల్లించునది ఈ చెవిటి సంఖ్యనే. గ్రీసున మూగయైనది బాగ్దాదున చెవిటియైనది.

మధ్యయుగమున ఈ భావమును అందరికంటె ధైర్యముగా వాడినవాడు ఫ్రాన్సుదేశీయుడైన నికోలె ఒరేమ్. 1382లో మరణించిన ఈ మతాచార్యుడు ఆకాశచారుల గతులకు ఏకమానము కలదా లేదా అను విషయముపై ప్రత్యేకముగా ఒక గ్రంథము వ్రాసెను. రెండు గ్రహముల ఆవర్తనకాలములకు ఏకమానము లేనిచో అవి ఒకమారు కలిసిన బిందువునందే మరల ఎన్నడును కలియవు; ఆకాశము తన్ను తాను తిరిగి వ్రాసికొనదు. అప్పుడు కచ్చితమైన పునరావృత్తిని నమ్మిన ఫలజ్యోతిషమునకు పునాది కదలును. గ్రంథాంతమున స్వప్నములో అంకగణితము, రేఖాగణితము అను ఇద్దరు స్త్రీలు అపోలో సన్నిధిని వాదింతురు. దేవుడు తీర్పు చెప్పబోవునంతలో కవికి మెలకువ వచ్చును. మన సిద్ధాంతకర్తలు దీనికి ఎదురుదారిని నడిచిరి. 43,20,000 సంవత్సరముల మహాయుగములో ప్రతి గ్రహమునకును పూర్ణసంఖ్యగా భగణములను చెప్పుటయే గ్రహగతులన్నింటికి ఏకమానమును అంగీకరించుట. గణనసౌకర్యమునకై చేసిన ఏర్పాటా, లోకస్వభావమును గూర్చిన విశ్వాసమా అనునది వేరు ప్రశ్న.

మన దేశమున ఈ విషయపు తొలి జాడలు శుల్బసూత్రములలో నున్నవి. వీనిలో ప్రాచీనమైన బౌధాయనము క్రీ. పూ. 800 - 500 సంవత్సరముల నడుమదని సాధారణముగా భావింతురు. ఆంధ్రదేశమున ఎక్కువమంది అనుసరించు ఆపస్తంబ సూత్రమునకు చెందిన శుల్బమునను ఇదే విషయము కలదు. యజ్ఞవేదిక వైశాల్యమును రెట్టింపు చేయవలసి వచ్చినప్పుడు చతురస్రపు కర్ణమును భుజముగా గైకొందురు. ఆ త్రాటికి ‘ద్వికరణి’ అని పేరు. రెండింతలు చేయునది అని అర్థము. మూడింతలు చేయునది ‘త్రికరణి’. ఇచ్చట పేరు పెట్టిన తీరును గమనింపవలెను. గ్రీకువాడు కర్ణమును చూచి భుజముతో దానికి లేనిదానిని బట్టి పేరు పెట్టెను. శుల్బకారుడు అది చేయు పనిని బట్టి పెట్టెను.

ఆ కర్ణమునకు శుల్బకారులు సంఖ్యలో విలువ కూడ ఇచ్చిరి. భుజమునకు దాని మూడవ వంతును, ఆ వంతులో నాలుగవ వంతును చేర్చి, ఈ కడపటిదానిలో 34వ వంతును తీసివేయవలెను. ఈ 34 ఎక్కడిది? థీబో అను పండితుడు 1875లో దీనిని చక్కగా విప్పెను. 12 వర్గమును రెట్టింపగా 288. 17 వర్గము 289. అనగా 12 అంగుళముల చతురస్రమునకు కర్ణము 17 అంగుళములకు రవంత తక్కువ. బౌధాయనుని మానములో అంగుళమునకు 34 తిలలు. పై సూత్రము ప్రకారము కర్ణము 17 అంగుళములకు సరిగా ఒక తిల, ఒక నువ్వుగింజ మందము, తక్కువ. అసలు విలువకును దీనికిని భేదము అంగుళములో ముప్పదివేలవ వంతు కంటెను తక్కువ. ఇటుకలు పేర్చువానికి ఇంతకంటె ఏమి కావలెను?

దీనిని ‘సవిశేషము’ అనిరి. విశేషమనగా శేషమో భేదమో మిగిలియున్నదని తెలిసియే ఆ పేరు పెట్టిరని, కావున కర్ణమునకు ఏకమానము లేదను జ్ఞానము వారికి కలదని కొందరి వాదము. 1884లో ష్రోడర్ అను జర్మను పండితుడు పైథాగరస్ దీనిని మన దేశమునుండియే గ్రహించెనని వ్రాసెను. యూక్లిడ్ అనువాదకుడైన థామస్ హీత్ ఇట్టి వాదములను అంగీకరింపలేదు. ఈ విషయమున హీత్ పక్షమే నాకు సమంజసముగా తోచుచున్నది. ఒక విలువ సరిపోలేదని తెలియుట వేరు. ఏ విలువయు సరిపోజాలదని తెలియుట వేరు. మొదటిది కొలతగానికి ప్రతిదినము ఎదురగునదే. రెండవదానికి ఉపపత్తి కావలెను. శుల్బములలో ఉపపత్తి లేదు. స్వదేశాభిమానముతో లేనిదానిని చేర్చినచో ఉన్నదాని విలువ తగ్గును.

ఉన్నది తక్కువ కాదు. 20,000 వ్యాసమునకు 62,832 పరిధి అని చెప్పుచు ఆర్యభటుడు దానిని ‘ఆసన్నము’ అనెను. ఆసన్నమును చెప్పి అసలును ఏల చెప్పలేదను ప్రశ్నను 1444లో జన్మించిన కేరళదేశీయుడు నీలకంఠ సోమయాజి తన భాష్యమున ఎత్తుకొనెను. ఏ మానముతో కొలిచినప్పుడు వ్యాసము నిరవయవమగునో ఆ మానముతో కొలిచినప్పుడు పరిధి సావయవమగును. పరిధి నిరవయవమైనచో వ్యాసము సావయవమగును. మానమును ఎంత సూక్ష్మము చేసినను శేషము తగ్గునే కాని పోదు అని ఆయన చెప్పిన దాని సారము. రెండు రాసులు, ఒకే మానము, నిశ్శేషముగా కొలుచుట కుదరకపోవుట – యూక్లిడ్ నిర్వచనములోని అంగములన్నియు ఇందు కలవు. ఉపపత్తిని ఆయన ఇక్కడ చూపలేదు. దానిని 1760 ప్రాంతమున లాంబర్టు చూపెను. ఐనను భావము స్ఫుటముగా పలుకబడినది, సంస్కృతమునందే పలుకబడినది. ఇట్టి భాష్యమును ప్రక్కనబెట్టి మనము పరిభాషకై ఇంగ్లీషు నిఘంటువును తడవుకొనుచున్నాము.

తెలుగు గణితపరిభాష ఈ విషయమున అదృష్టము గలది. బ్రహ్మగుప్తుడు 628లోను, భాస్కరాచార్యుడు 1150లో తన బీజగణితమునందును వాడిన ‘కరణి’ శబ్దమునుండి మన పాఠ్యగ్రంథకర్తలు ‘కరణీయ సంఖ్య’ను గైకొనిరి. ఇంగ్లీషువారు నిషేధముతో ‘ఇర్రేషనల్’ అను సంఖ్యకు మనము నిషేధము లేని పేరు పెట్టితిమి. వారి ‘రేషనల్’ మనకు ‘అకరణీయము’. విద్యార్థులు అ-కారమును చూచి తడబడుట నిజమే కాని పేరులో శుల్బకారుని త్రాడు ఇంకను కదలుచున్నది. హిందీవారు ‘పరిమేయ’, ‘అపరిమేయ’ అని పెట్టుకొనిరి. మన సాహిత్య విమర్శలోనికి వచ్చిన ‘అపరిమేయము’ ఆ దారిని వచ్చినదని నా ఊహ. సంఖ్యలకు అది చెల్లును. అచ్చట ఒకటి అను ప్రమాణము ఎల్లప్పుడు వెనుక నిలిచియుండును. కావ్యములకు అట్టి ప్రమాణము లేదు గదా.

రేఖాగణితము వెలుపల ఈ పదమును వాడుట కూడ కొత్త కాదు. అరిస్టాటిల్ నీతిశాస్త్రపు ఐదవ భాగమున ఇల్లు, చెప్పులు మొదలైన భిన్నవస్తువులకు ద్రవ్యము ఏకమానమును కల్పించునని చెప్పి, నిజమునకు అంత భిన్నమైనవానికి ఏకమానము అసాధ్యమే, ఐనను అవసరమును బట్టి చాలినంత కుదురునని చేర్చెను. ఆ చివరి మాట మరవరానిది. మన కాలమున పదమును వ్యాపింపజేసినది 1962. ఆ సంవత్సరమున బర్కిలీలో సహోద్యోగులైన థామస్ కూన్, పాల్ ఫైరాబెండ్ ఇరువురును తమతమ రచనలలో శాస్త్రసిద్ధాంతములను గూర్చి దీనిని ప్రయోగించిరి. న్యూటన్ ‘ద్రవ్యరాశి’యు ఐన్‌స్టీన్ ‘ద్రవ్యరాశి’యు ఒకే మాటయైనను ఒకే భావము కాదనుట కూన్ చూపిన ఉదాహరణము. అట్లైన శాస్త్రములను పోల్చుటకే వీలులేదా అని విమర్శకులు మీదపడిరి. 1983లో ప్రకటితమైన ఒక వ్యాసమున కూన్ సమాధానముగా మరల చతురస్రకర్ణముకడకే పోయెను. కర్ణమునకును భుజమునకును ఏకమానము లేదు; ఐనను ఏది పెద్దదో తెలియును, ఎంత పెద్దదో కోరినంత సూక్ష్మముగ చెప్పవచ్చును. సిద్ధాంతములకు ఏకమానము లేదనుట, రెండింటిని శేషము లేక అనువదింపగల ఉమ్మడి భాష లేదనుటయే అని ఆయన వివరణ. ఆ శేషము కూడ అన్ని పదములయందు ఉండదు, ఒకదానినొకటి పట్టుకొనియుండు కొన్ని పదములయందే యుండును.

అనగా 20వ శతాబ్దిలో ఈ విశేషణము చివరకు వచ్చి చేరినది అనువాదసమస్యకడకు. అది మన శాఖలలో నిత్యము ఎదురగునదే. ఆ పరిశోధకునితో నేను చెప్పినదియు ఇంతే. పోలిక కుదరదను వాక్యమును తొలగింపుడు. నాలుగు ప్రకరణములలో ఒక కవి మాటలను రెండవ కవి మాటలలోనికి మార్చబూనినప్పుడు ఎచ్చట ఏ మాట మిగిలిపోయినదో పట్టిక వేయుడు. ఆ మిగిలిన మాటలే మీ ఐదవ ప్రకరణము. ఆయన ఒప్పుకొనెను. పదమునకు తెలుగేమి వ్రాయవలెనని అడిగెను. ‘సహమేయము’ అంటిని. వ్యతిరేకార్థమున ‘అసహమేయము’ అనవచ్చునా అని ఆయన ప్రశ్న. వ్యాకరణము ఒప్పును కాని వినినంతనే అసహ్యము స్ఫురించును. ‘సహమేయములు కావు’ అని విడదీసి వ్రాయుడని చెప్పితిని. అచ్చువేయునప్పుడు ఒక పంక్తి పెరిగినను పెరుగనిండు.